‘సంతృప్తికరంగా ఉంది’ అని ముందే అచ్చేసిన కాగితం

సంపాదకుడు గారికి నమస్కారం.

కొత్త అపార్ట్‌మెంట్ల ప్రకటనల్లో స్విమ్మింగ్ పూల్, క్లబ్ హౌస్, జాగింగ్ ట్రాక్ అన్నీ రాస్తారు. తాళాలు ఇచ్చే రోజు మన చేత సంతకం పెట్టించుకునే కాగితం గురించి మాత్రం ఒక్క ముక్క ఉండదు. నేను రాసేది ఆ కాగితం గురించే.

మేం నిజాంపేట వైపు ఫ్లాటు కొన్నాం. మూడేళ్లలో ఇస్తామన్నది నాలుగున్నరేళ్లకు పూర్తయింది. ఒకపక్క అద్దె, ఇంకోపక్క ఈఎంఐ, ఇవి చాలవన్నట్టు శ్రావణం దాటితే భాద్రపదంలో గృహప్రవేశం పనికిరాదని మా అత్తగారి టెన్షన్. హ్యాండోవర్ రోజు సైట్ ఇంజినీర్ తాళాలు చూపించి ఒక కాగితం ముందు పెట్టాడు. ఫ్లాటును పూర్తిగా పరిశీలించాను, పనులన్నీ సంతృప్తికరంగా ఉన్నాయి, ఇకపై బిల్డర్ మీద ఎలాంటి క్లెయిమూ చేయను అని అందులో అచ్చేసి ఉంది. అప్పటికి నేనింకా గడప కూడా దాటలేదు!

లోపలికి వెళ్లాక మా ఆవిడ బాత్రూంలో ఒక బకెట్ నీళ్లు కుమ్మరించింది. అవి జాలీ వైపు వెళ్లకుండా కాసేపు మధ్యలో నిలబడి, తర్వాత మెల్లగా తలుపు కిందనుంచి బెడ్రూంలోకి వచ్చేశాయి. రూపాయి బిళ్లతో కొట్టి చూస్తే హాల్లో పదకొండు టైల్స్ డొల్లగా మోగాయి, అంటే కింద మాలు సరిగా నింపలేదన్నమాట. పడమటి గోడకి పెయింటు అప్పడంలా ఉబ్బి ఉంది, వేలితో నొక్కితే తడి తగిలింది. ‘ఇవన్నీ చిన్న చిన్నవి సార్, మీరు సంతకం పెట్టేయండి, వారంలో మా మేస్త్రీ వచ్చి చేసేస్తాడు’ అన్నాడు ఇంజినీరు. పెట్టకపోతే తాళాలు ఇవ్వరట. పెట్టాను. ఆ వారం ఇంకా అవలేదు, పది నెలలైంది. ఫోన్ చేస్తే ‘అన్నీ బాగున్నాయని మీరే రాసిచ్చారు కదా సార్’ అంటున్నారు.

మా ఎదురు ఫ్లాటాయన నాకన్నా తెలివైనవాడు. అదే కాగితం మీద అచ్చేసిన లైను కొట్టేసి, కింద బాల్‌పెన్నుతో గది గదికీ ఏమేం తేడాలున్నాయో రాసి, ఇవి సరిచేయాలన్న షరతు మీదే తీసుకుంటున్నానని తేదీ వేసి, ఫోటో తీసుకున్నాడు. గొడవైంది, ఆ రోజు తాళాలివ్వలేదు, రెండు రోజుల తర్వాత ఇచ్చారు. ఆయన బాత్రూం తవ్వి మళ్లీ వేశారు. గోడ తడి మాత్రం ఆయనకీ అలాగే ఉందనుకోండి.

నిజానికి ఆ అచ్చు కాగితానికి మనం అనుకున్నంత బలం లేదు. 2016 రెరా చట్టం, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, 14వ సెక్షన్ ప్రకారం, ఇల్లు స్వాధీనం చేసిన తేదీ నుంచి ఐదేళ్లలోపు కట్టడంలో గానీ పనితనంలో గానీ నాణ్యతలో గానీ లోపం బయటపడి మనం చెబితే, బిల్డర్ 30 రోజుల్లో పైసా అడక్కుండా సరిచేయాలి, చేయకపోతే నష్టపరిహారం ఇవ్వాలి. బెంగళూరు ప్రాజెక్టు ఒకదాని కేసులో 2020లో సుప్రీంకోర్టు కూడా ఫ్లాటు తీసుకుని రిజిస్ట్రేషన్ చేయించుకున్నంత మాత్రాన ఆలస్యానికి పరిహారం అడిగే హక్కు పోదని చెప్పింది. ఫ్లాటు కావాలంటే క్లెయిమ్ వదులుకో అనడం సమంజసం కాదంది. ఇదంతా నాకు సంతకం పెట్టాక తెలిసింది, అదీ నా ఖర్మ.

‘లోపాలుంటే అసలు తీసుకోవద్దు’ అని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఒప్పుకోను. అదే చట్టంలో ఓసీ, అంటే ఇంట్లో ఉండొచ్చని అధికారులిచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, వచ్చిన రెండు నెలల్లోపు కొన్నవాళ్లు స్వాధీనం చేసుకోవాలని కూడా ఉంది. పైగా అద్దె, ఈఎంఐ రెండూ కడుతూ ఎన్నాళ్లని బయట కూర్చుంటాం? ఓసీయే రాకపోతే ఎవరెంత చెప్పినా తీసుకోవద్దు, అది వేరే సంగతి. మిగతా లోపాలకి తీసుకోండి, కానీ రాసి తీసుకోండి.

అసలు చిక్కు డబ్బు దగ్గరుంది. ప్రభుత్వ పనుల్లో డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్, అంటే లోపాలు బయటపడితే కాంట్రాక్టరే సరిచేయాల్సిన గడువు, అయ్యేదాకా కాంట్రాక్టరు డబ్బు కొంత ఆపి ఉంచుతారు. మనం మాత్రం చివరి రూపాయి వరకు కట్టేస్తేనే తాళాలు. ఆ తర్వాత మేస్త్రీలు, ప్లంబర్లు అందరూ పక్క సైటుకి వెళ్లిపోతారు, ఒక్క బాత్రూం కోసం వాళ్లని వెనక్కి పంపాల్సిన అవసరం బిల్డర్‌కి ఏముంటుంది?

అందుకే రెండు తెలుగు రాష్ట్రాల రెరా అథారిటీలకూ మీ పేపర్ ద్వారా ఒక విన్నపం. సేల్ అగ్రిమెంట్ ఎలా ఉండాలో రూల్స్‌లోనే నమూనా ఇచ్చారు, హ్యాండోవర్ కాగితానికి మాత్రం ఒక్కో బిల్డర్‌ది ఒక్కో రకం. దానికీ ఒక నమూనా పెట్టండి, తెలుగులో కూడా ఉండాలి. గదివారీగా లోపాలు రాసుకునే ఖాళీలు, ఎప్పటిలోగా చేస్తారో తేదీ, బిల్డర్ తరఫు సంతకం ఉండాలి. ‘ఇక క్లెయిమ్ లేదు’ అనే లైను ఉండకూడదు. సంతకానికి వారం ముందు ఇల్లు చూసుకోనివ్వాలి. 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు దాటని స్థలంలో కట్టే చిన్న అపార్ట్‌మెంట్లకి రెరా రిజిస్ట్రేషనే అక్కర్లేదు. అక్కడ కొన్నవాళ్లు వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చని కూడా చాలామందికి తెలీదు, దాని మీద మీరొక వార్త వేస్తే బాగుంటుంది.

నా సంగతంటారా, పోయిన వారం ఫోటోలు పెట్టి బిల్డర్‌కి స్పీడ్ పోస్టులో లెటర్ పంపాను. అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు వచ్చింది, ఫ్రిజ్ మీద అతికించాం. మృగశిర వానలు మొదలయ్యేలోపు పడమటి గోడ సంగతి చూడమని అందులో ప్రత్యేకంగా రాశాను.

ఇట్లు,
ఒక ఫ్లాటు ఓనరు,
నిజాంపేట, హైదరాబాద్