వార్షిక నివేదిక: పొదుపు, పెట్టుబడుల విభాగం

లండన్‌లోని మన సంఘం సభ్యులందరికీ నమస్కారం. ఉగాది, బతుకమ్మ ఖర్చుల లెక్కలు కోశాధికారి గారు విడిగా పంపుతున్నారు. ఈ ఏడాది మా విభాగం సమావేశాలు ఎక్కువగా ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగాయి: ఈటీఎఫ్ (షేరులా ఎక్స్‌ఛేంజీలో కొని అమ్ముకునే ఫండ్) సంక్లిష్టమైన పెట్టుబడి కిందికి, అంటే కొనేవాళ్ల అవగాహన పరీక్షించాకే అమ్మాల్సిన రకం కిందికి వస్తుందా?

ఒక సభ్యురాలు యాప్‌లో మామూలు ప్రపంచ సూచీ ఈటీఎఫ్ కొన్నప్పుడు ఎవరూ ఏమీ అడగలేదు. అమెరికా షేర్ల సూచీ నాస్‌డాక్ రోజువారీ కదలికను మూడు రెట్లు చేసి చూపే 'మూడింతలది' కొనబోతే మాత్రం, ఆమె అవగాహన పరీక్షించే ప్రశ్నపత్రం వచ్చింది. రెండూ ఒకే జాబితాలో ఉన్నవే!

జాబితా మాటెలా ఉన్నా, చట్టం చూసేది ఉత్పత్తి నిర్మాణాన్ని. 2018 జనవరిలో వచ్చిన మిఫిడ్-2 (పెట్టుబడుల అమ్మకాలపై యూరప్ చట్టం) నిబంధనల్లో యూసిట్స్ ఫండ్లు (సామాన్య మదుపర్లకు అమ్మేందుకు యూరప్ నియమాల ప్రకారం నడిచే ఫండ్లు), రాబడిని ముందే రాసిన సూత్రంతో లెక్కగట్టే స్ట్రక్చర్డ్ రకం తప్ప, సరళమైనవే. సలహా లేకుండా మనమే కొంటే పరీక్ష అక్కర్లేదు. ఇక్కడ అమ్మే ఈటీఎఫ్‌లలో చాలావరకు ఐర్లాండ్‌లోనో లక్సెంబర్గ్‌లోనో రిజిస్టరైన యూసిట్స్‌లే. మూడింతల రకం యూసిట్స్ నియమాల రిస్కు పరిమితుల్లో ఇమడదు, అందుకే ఫండ్‌గా కాక అప్పుపత్రంగా (జారీ చేసిన సంస్థ మనకు బాకీ ఉన్నట్టు ఇచ్చే పత్రం) వస్తుంది. సూచీ 100 నుంచి 90కి పడి, మర్నాడు మళ్లీ 100కి చేరిందనుకోండి. మూడింతలది 70కి పడి, 93 దగ్గరే ఆగిపోతుంది. ఈ లెక్క బోర్డు మీద వేశాక హాల్లో చాలాసేపు గోలే గోల.

బంగారం సంగతి మనవాళ్లు అడగకుండా ఉంటారా? యూసిట్స్ ఫండ్ బంగారాన్ని నేరుగా కొనకూడదు. కాబట్టి లండన్‌లో దొరికే బంగారం ఈటీసీ (బంగారం ధరను అనుసరిస్తూ ఎక్స్‌ఛేంజీలో అమ్ముడయ్యేది) కూడా అప్పుపత్రమే, వెనకాల ఖజానాలో కడ్డీలున్నా సరే. యూసిట్స్‌కి దొరికే, పరీక్ష అక్కర్లేదన్న మినహాయింపు దానికి దానంతటదే రాదు.

ప్రశ్నపత్రంలో తప్పితే, అమ్మే సంస్థ మనల్ని హెచ్చరించాలి. ఆ తర్వాత కూడా అమ్మాలా వద్దా అన్నది వాళ్లిష్టం. అలాగని ప్రశ్నలు అడగనిదల్లా భద్రమని అనుకోకండి. 2020లో ఫిబ్రవరి, మార్చి నెలల మధ్య అమెరికా పెద్ద కంపెనీల షేర్ల సూచీ ఎస్ అండ్ పీ 500 దాదాపు 34 శాతం పడింది. దాన్ని అనుసరించే యూసిట్స్ ఈటీఎఫ్ అప్పుడూ సరళమే.

"ఏది కొనమంటారు?" అని ఫోన్లు వస్తూనే ఉన్నాయి. అనుమతి లేకుండా మేం సలహా ఇవ్వకూడదు, ఇవ్వం. ఐసా (రాబడిపై పన్ను పడని బ్రిటన్ పొదుపు ఖాతా) పరిమితి, పన్నుల మీద తర్వాతి సమావేశం, పన్ను ఏడాది ముగిసే ఏప్రిల్ 5 లోపే పెడతాం.