మాస్టారి ఆపరేషన్ ముందు రమణకో ఉత్తరం

చెన్నై,
ఆదివారం రాత్రి

ఒరేయ్ రమణా,

"ఆపరేషన్ ముందు నువ్వొచ్చి నాన్నకు నాలుగు జోకులు చెప్పరా, టెన్షన్ పోతుంది" అన్నావు నిన్న ఫోన్‌లో. నేనేదో జోకుల సంచి భుజానేసుకుని ఆపరేషన్ థియేటర్లో తిరుగుతుంటాననుకున్నావు. సరేనన్నాను గానీ, అదంత సులువు కాదురా. ఫోన్‌లో చెబితే సగంలో నువ్వు అడ్డుపడతావు, అందుకే రాస్తున్నా.

మాలాంటి మత్తు డాక్టర్లకి ఒక సౌకర్యం ఉంది. వేలికి క్లిప్పు తగిలించగానే మానిటర్ గుండెతో పాటు బీప్ బీప్ అంటుంది. జోకు పేలిందో తుస్సుమందో మొహం చూడక్కర్లేదు, చెవికి తెలిసిపోతుంది. మర్యాదకు నవ్వేవాళ్లు కూడా అక్కడ దొరికిపోతారు.

కొత్తలో ఒకసారి (ఇప్పుడున్న ఆస్పత్రి కాదులే) గూడూరు దగ్గర్నుంచి వచ్చిన పెద్దాయన బల్ల మీదున్నాడు. "ఏం భయం లేదు పెద్దాయనా, రానూపోనూ టికెట్ కొట్టించేశాం" అన్నాను. ఆ డైలాగ్ అప్పటికి పదిమంది మీద వాడాను, పదిమందీ నవ్వారు. ఈయన నవ్వలేదు. నిమిషానికి 86 మీదున్న బీప్ పరుగందుకుని 124కి పోయింది. చూపు నెత్తిన ఉన్న లైటు మీదే. కాసేపాగి, "మా ఇంటిదీ ఇట్టాగే లోపలికి పోయింది బాబూ. తిరిగి రాలా" అన్నాడు.

ఫైల్లో ఆయన బీపీ ఉంది, షుగర్ ఉంది, కదిలే పళ్లెన్నో కూడా ఉంది. ఇది లేదు. నేనడగలేదు. స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నా. సర్జన్ గడియారం చూసుకుంటున్నా పది నిమిషాలు ఆయన మాటలే విన్నా. ఆ తర్వాత కాస్త మిడజోలామ్, అదే భయం తగ్గించే మందు, ఇచ్చాను. నా జోకు చేసిన పనిని మందుతో సర్దాల్సొచ్చింది. నిజం చెప్పొద్దూ, ఆ టికెట్ జోకు ఆయన భయానికి కాదు, నా భయానికి చెప్పుకున్నది. ఆ రోజుతో దాన్ని మానేశాను.

ఇప్పుడు ఈ మధ్య జరిగింది విను. సూళ్లూరుపేట ఆవిడ, పిత్తాశయంలో రాళ్లు. మంగళసూత్రం తీయించి, బదులు దారానికి పసుపుకొమ్ము కట్టారు. దాన్ని పిడికిట్లో పట్టుకుని వచ్చింది. మా సిస్టర్ బంగారం లాంటి మనిషి, భుజం నిమురుతూ "బయపడాదీంగమ్మా" అంటోంది అరవంలో. తెలుగు చెవికి అందులో "భయపడ" వరకే అందుతుంది. ఆవిడ ఇంకాస్త బిగుసుకుపోయింది.

పైగా మా ప్రశ్నలు. వార్డులో పేరడిగారు, థియేటర్ గుమ్మంలో అడిగారు, బల్ల మీద నేనూ అడిగాను. ఒకరికి చెయ్యాల్సింది ఇంకొకరికి, కుడికి చెయ్యాల్సింది ఎడమకి చెయ్యకుండా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఒక చెక్‌లిస్టు తెచ్చింది, దాని ప్రకారం అడగాల్సిందే. మాకది జాగ్రత్త. పడుకున్న మనిషికి మాత్రం, నేనెవరో కూడా తెలియకుండానే కోస్తారా అని గుబులు. ఆవిడ నా వైపు తిరిగి, "పెళ్లిచూపుల్లో కూడా ఇన్నిసార్లు అడగలేదయ్యా పేరు. ఇంకోసారైతే పాట పాడమంటారా ఏంది?" అంది.

"అక్కర్లేదమ్మా, మాకు సంబంధం నచ్చేసింది" అన్నాను.

సిస్టర్ ఏంటేంటని అడిగితే తమిళంలో చెప్పాను. ఇద్దరూ ఒకటే నవ్వు. 118 ఉన్న బీప్ చూస్తుండగానే 94కి దిగింది. నిద్రలోకి జారేముందు నిజంగానే ఏదో పల్లవి ఎత్తుకుందిరా. ఏ పాటో పోల్చుకునేలోపే మందు పనిచేసింది.

భయపడితే ఒంట్లో అడ్రినలిన్ పొంగి గుండె దడ, బీపీ పెరుగుతాయి, నిద్రపుచ్చడానికి మందు కూడా ఎక్కువ పట్టొచ్చు. అందుకే నవ్వొస్తే మాకూ లాభమే. కానీ జోకు రోగి నోట్లోంచి రావాలి, మనం అందుకోవాలి. 1981లో కాల్పుల్లో గాయపడిన అమెరికా అధ్యక్షుడు రీగన్ థియేటర్లో డాక్టర్లను చూసి, మీరంతా రిపబ్లికన్లేనని (అది ఆయన పార్టీ) చెప్పండి అన్నాడు. సర్జన్ ఎదుటి పార్టీ డెమోక్రాట్ అయినా, ఇవాళ మేమంతా రిపబ్లికన్లమే అన్నాడు. అక్కడా జోకు రోగిదే చూడు.

పిల్లల సంగతి వేరు. ఇటలీలో ఫ్లోరెన్స్ పిల్లల ఆస్పత్రిలో 40 మందిని పరిశీలించి 2005లో రాశారు. జోకర్ వేషాలవాళ్లు వెంట ఉంటే భయం తగ్గిందట. థియేటర్ సిబ్బందిలో ఎక్కువమంది మాత్రం పనికి అడ్డమని వద్దన్నారట. నాకు ఇద్దరి బాధా తెలుసు. మా దగ్గర జోకర్లు లేరు, మత్తు మెషీన్‌కి వేలాడే రబ్బరు బ్యాగే బెలూన్. ఊది పెద్దది చెయ్యరా అంటే నాలుగేళ్లవాడు పంతంగా ఊదుతాడు, ఆ పంతంలోనే నిద్రపోతాడు.

ఇక మాస్టారు. మత్తు నేనివ్వను, మా సీనియర్ మేడమ్ ఇస్తారు. అయినవాళ్లయితే చెయ్యి తడబడుతుంది. నేను తల దగ్గర ఉంటాను. నడుముకి ఇంజెక్షనే కాబట్టి మెలకువగా ఉంటారు, మా మాటలన్నీ వినిపిస్తాయి. కాళ్లు వెచ్చబడి, బరువెక్కి, తనవి కానట్టవుతాయి. ఈ సంగతి ముందే చెప్పు, లేకపోతే పక్షవాతం వచ్చిందనుకుంటారు. ఆరు గంటల ముందు నుంచి తిండి బంద్, ఉత్త మంచినీళ్లు రెండు గంటల ముందు దాకా ఫర్వాలేదు. కాఫీకి బేరమాడతారు, లొంగకు. పాలు కలిస్తే అది తిండి లెక్కే.

ఒక్కటి తల్చుకుంటేనే నవ్వాగట్లేదురా. ఆ ఇంజెక్షన్‌కి బల్ల మీద కూర్చోబెట్టి, చేతికి దిండిచ్చి, గడ్డం గుండెకి ఆనించి, వీపు వంచి, కదలకుండా ఉండమంటాం. ఎక్కాలు రాలేదని మనిద్దరితో గోడకుర్చీ వేయించిన మనిషి! "కదిలితే ఇంకో పావుగంట" అనేవారు, గుర్తుందా? ఈ మాట నువ్వు అనకు, నేనూ అనను. ఆయనకే తడితే బీప్‌లో నాకు తెలిసిపోతుంది.

గురువారం పినాకిని ఎక్స్‌ప్రెస్‌కి వస్తే సెంట్రల్ స్టేషన్లో ఉంటాను. నెల్లూరు మలై కాజా అరకిలో పట్రా. నాకు, ఆయనకి కాదు.

నీ
శీను