క్యూసెక్కులు కాదు, ఏ వీధికి ఎంత లోతో చెప్పండి

సంపాదకులు గారికి,

'ప్రకాశం బ్యారేజీ వద్ద మొదటి ప్రమాద హెచ్చరిక' అని పోయిన వారం మొదటి పేజీలో వేశారు. 3.97 లక్షల క్యూసెక్కులైతే (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు) మొదటిది, 5.69 లక్షలైతే రెండోది. ఏళ్ల తరబడి ఇదే వాక్యం. అది చదివిన విజయవాడ సింగ్‌నగర్ మనిషి ఏం చేయాలి? బండి ఫ్లైఓవర్ ఎక్కించాలా, బియ్యం అటక మీద పెట్టాలా, ముసలివాళ్లను ఊరు పంపాలా? జవాబు అందులో లేదు.

2024 సెప్టెంబరు 1న సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీలను ముంచింది కృష్ణ కాదు, బుడమేరు వాగు. నగరానికి ఎగువన వెలగలేరు రెగ్యులేటర్ (గేట్లున్న కట్టడం) దగ్గర ఆ నీటిని డైవర్షన్ ఛానల్ అనే మళ్లింపు కాలువలోకి మళ్లిస్తారు. ఆ కాలువ బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుస్తుంది. కృష్ణ నిండుగా ఉంటే కాలువ నీరు దిగదు, వెనక్కి తంతుంది. ఇక మిగిలేవి రెండే: కట్ట తెగడం, లేదా వెలగలేరు గేట్లెత్తి బుడమేరు పాత ఏట్లోకి వదలడం. పాత ఏరు నగరం ఉత్తరం వైపు ఇళ్ల మధ్య నుంచే కొల్లేటికి పోతుంది. అప్పుడు రెండూ జరిగాయి. ఛానల్ కట్టకు మూడు గండ్లు పడ్డాయి. బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద ఆ మర్నాడు నమోదైంది. కృష్ణ మట్టానికీ సింగ్‌నగర్ గుమ్మానికీ ఉన్న ఈ లంకెను ఇప్పటికైనా జనానికి విప్పి చెప్పాలా, వద్దా?

'వందేళ్లకోసారి వచ్చే వరద' అన్న మాట ఇంకా ప్రమాదం. వచ్చి పోయింది కదా, ఇక మన తరంలో రాదని జనం నిద్రపోతున్నారు. దాని అర్థం ఏటా 1 శాతం అవకాశం ఉందని. 30 ఏళ్ల ఇంటి అప్పు తీరేలోగా ఒక్కసారైనా వచ్చే అవకాశం 26 శాతం. అదీ పాత వానల మీద కట్టిన లెక్క. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకుంటుంది, కురిసినప్పుడు ఆ మేరకు కుమ్మరిస్తుంది. వాతావరణ మార్పు మీద ఏసీ హాళ్లలో ఇంగ్లిషు స్లైడ్లు వేసే అధికారులు ఈ రెండు ముక్కలు వార్డు సచివాలయం గోడ మీద తెలుగులో రాయించలేరా?

వరదలో ఏది ముందు ఆగుతుందో కూడా ఎవరూ చెప్పరు. ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉండే ఫ్యూజు పెట్టె నడుము ఎత్తులో ఉంటుంది. నీళ్లు దాని దగ్గరకు రాకముందే సరఫరా తీసేయాలి, లేకపోతే ప్రాణాలు పోతాయి. కరెంటు పోతే మోటారు ఆగుతుంది, పై ట్యాంకులో ఉన్నదే నీళ్లు. సెల్ టవర్ బ్యాటరీ కొన్ని గంటలే. జనరేటర్ నేల మీదే ఉంటే అదీ మునుగుతుంది. అపార్టుమెంట్లలో మీటర్ల ప్యానెల్ సెల్లారులోనే పెడుతున్నారు, ప్లాను పాస్ చేసేవాళ్లు చూస్తూ ఊరుకుంటున్నారు. అందుకే సందేశం కరెంటు ఉండగానే రావాలి: 'వెలగలేరు గేట్లు ఎత్తాం. మీ వీధికి ఫలానా గంటకు మోకాలి లోతు. ఫలానా గంటకు కరెంటు తీస్తాం. తాగునీళ్లు పట్టుకోండి.'

ప్రతి వీధిలో ఒక కరెంటు స్తంభం మీద 2024 నీటిమట్టం గీత గీయించాలి. గోడల మీద మరకలు చాలాచోట్ల సున్నం కింద మాసిపోయాయి, ఉన్నవాటినైనా పట్టుకోవాలి. ఎత్తులు కొలిచే లెవెల్ మెషీన్, రంగు డబ్బా, ఇద్దరు మనుషులు ఉంటే అయ్యే పని.

మీరూ ఒకటి చేయండి. వర్షాకాలమంతా బ్యారేజీ మట్టం పక్కనే వెలగలేరు మట్టం కూడా రోజూ వేయండి.

– విశ్రాంత నీటిపారుదల ఇంజినీరు, విజయవాడ