రెండు తరగతుల తేడా

పెరంబూరు, చెన్నై
మంగళవారం ఉదయం

ప్రియమైన సుబ్బారావుకు,

నీ ఉత్తరం వచ్చి నెల దాటినా జవాబు రాయలేకపోయాను, మన్నించు. ఇక్కడ అందరూ కులాసా, అమ్మ మోకాలు నొప్పి కాస్త తగ్గింది. మిగిలిన కబుర్లన్నీ మళ్లీ రాస్తాను. ఒక్క సంగతి మాత్రం నీకు చెప్పుకుంటే తప్ప నా మనసు కుదుటపడదు.

మా వీధి మలుపులో ఇస్త్రీ బండి నడిపే కొండయ్య నీకు గుర్తున్నాడు కదా, నిన్ను చూడగానే "మా కావలి పంతులుగారు" అని బొగ్గు చేతులతోనే దణ్ణం పెట్టాడు. వాళ్ల పెద్దవాడు రవి ఇక్కడి కార్పొరేషన్ బడిలో పన్నెండో తరగతి చదివి, ఇంజనీరింగ్‌కు 200కు 171 కటాఫ్ తెచ్చుకున్నాడు. ఇక్కడ మన ఈఏపీసెట్ (పాత ఎంసెట్) లాంటి పరీక్ష లేదు, లెక్కలకు 100, ఫిజిక్స్‌కు 50, కెమిస్ట్రీకి 50 చొప్పున పన్నెండో తరగతి మార్కులే లెక్క. సర్కారు బడి పిల్లలకు 2021 నుంచి ఇంజనీరింగులో 7.5 శాతం సీట్లు కేటాయించారు, ఆ సీటు దొరికితే ట్యూషన్ ఫీజు, హాస్టల్ ఖర్చు ప్రభుత్వమే భరిస్తుంది. అందుకు ఆరు నుంచి పన్నెండు దాకా తమిళనాడు సర్కారు బడిలోనే చదివినట్టు ధ్రువపత్రం కావాలి.

ఆ పత్రం కోసం వాడితో నేనూ వెళ్లాను. ప్రధానోపాధ్యాయుడు రిజిస్టరు తెరిచి, పన్నెండు, పదకొండు అని వెనక్కి రాసుకుంటూ వచ్చి, ఆరు, ఏడు గళ్ల దగ్గర కలం ఆపేశారు. ఆ రెండేళ్లు వాడు ఆంధ్రాలో, మీ కావలి ఊళ్లోని జిల్లా పరిషత్ బడిలో చదివాడు, అదీ సర్కారు బడే, కానీ రాష్ట్రం వేరు. ఆ ఖాళీ గళ్లను రవి చూసిన చూపు నేను మరిచిపోలేను సుబ్బారావూ! సర్కారు బడిలో చదివి కాలేజీలో చేరిన మగపిల్లలకు నెలకు 1,000 రూపాయలు ఇచ్చే తమిళ్ పుదల్వన్ పథకానికీ 2024 నుంచి ఇదే నిబంధన కనుక అదీ పోయింది. మన వైపు ఫీజు రీయింబర్స్‌మెంట్ అక్కడి కళాశాలల్లో చేరినవారికి కదా, ఇక్కడ చేరేవాడికి అదెలా వస్తుంది? ఆరో తరగతి నుంచీ ఇక్కడే చదువుతున్న వాళ్ల చెల్లెలికి మాత్రం రేపు ఆ 7.5 శాతం కేటాయింపూ, ఆడపిల్లలకు ఇలాగే డబ్బిచ్చే పుదుమై పెణ్ పథకమూ వర్తిస్తాయి. ఒకే ఇంట్లో, ఒకే బొగ్గుల పెట్టె మీద బతికే ఇద్దరు పిల్లల మధ్య ఇంత తేడా న్యాయమేనా?

సాధారణ కౌన్సెలింగులో వాడికి ఒక ప్రైవేటు కళాశాలలో సీటు వచ్చింది. మూడున్నర లక్షల అప్పు కోసం నిన్న బ్యాంకుకు వెళితే, అధికారి ఇంటి పత్రాలు తెమ్మన్నాడు. 4 లక్షల లోపు చదువు అప్పుకు తాకట్టు అక్కర్లేదు, తల్లిదండ్రుల సంతకం చాలు. ఏటా 4.5 లక్షల లోపు ఆదాయం ఉన్న ఇళ్ల పిల్లలకు చదువు కాలానికీ, ఆపైన ఒక ఏడాదికీ వడ్డీని కేంద్రం భరించే పథకం 2009 నుంచీ ఉంది. ఈ మాటలు నేను నోటితో చెబితే ఆయన వినలేదు. మన చదువు ఫీజు కట్టాల్సిన రోజున తాకట్టుకు రామక్క గొలుసు ఉంది కాబట్టి గడువులోగా గట్టెక్కాం, కొండయ్య ఇంట్లో తాకట్టుకు గొలుసు కూడా లేదు. అందుకే నిబంధనల కాగితం రాత్రి అచ్చు తీయించి పెట్టుకున్నాను.

నీ బడిలో ఐదో తరగతి దాటాక టీసీ తీసుకుని చెన్నై వచ్చే కుటుంబాలకు ఈ ఆరో తరగతి సంగతి దయచేసి ముందుగానే చెప్పు. ఇంకా వాడి చెల్లెలి గురించి రాయాలని... రవి గేటు దగ్గరికి వచ్చేశాడు, పదింటికి బ్యాంకు తెరుస్తారు. వెళ్లొస్తాను.

నీ
మూర్తి