ఆ చెక్క విగ్రహాలకు రంగులు పూయడం ఆపండి
పోలెండ్ పల్లెల్లో దారి పక్కన ఉండే చిన్న గుళ్లలో, అక్కడివాళ్లు కప్లిచ్కా అంటారు, పాత చెక్క విగ్రహాలు పాడైపోతున్నాయి, వాటి చోట ప్లాస్టర్ బొమ్మలు వచ్చి కూర్చుంటున్నాయి. నేను క్రాకుఫ్‌లో ఉద్యోగం చేస్తూ సెలవుల్లో నొవీ సాంచ్ పట్టణం వైపు పల్లెలు తిరుగుతుంటాను. పోయిన మే నెలలో ఒక ఊళ్లో, చెంపకు చెయ్యి ఆనించుకుని దిగులుగా కూర్చున్న క్రీస్తును చూశాను, లిండెన్ చెక్కలో చెక్కింది, మోకాలి మీద ఉలి గాట్లు ఇంకా వేలికి తగులుతున్నాయి, కానీ ముఖం నిండా ఆయిల్ పెయింట్ దట్టంగా పూసేసి కనురెప్పల గీత కూడా లేకుండా చేశారు. పూసినవాళ్లది భక్తే, కాదనను, మే నెల సాయంత్రాల్లో ఆడవాళ్లు అక్కడే నిలబడి మరియమ్మ పాటలు పాడతారు. అయినా చెక్కినవాడి చెయ్యి ఆ రంగు కింద పూడిపోయింది, చాలా బాధేసింది. ప్రతి విగ్రహాన్నీ స్థానిక పాలకులు, చర్చి పెద్దలు కలిసి ఫొటో తీసి నమోదు చేయాలి, నిపుణుణ్ని అడగకుండా ఎవరూ రంగు వేయకూడదు, మరీ శిథిలమైనదాన్ని దగ్గరి మ్యూజియంకి ఇచ్చి అలాంటిదే అదే చెక్కలో చెక్కించి గూట్లో పెట్టాలి. ఆ పని కోసం దూరం వెళ్లక్కర్లేదు, నొవీ సాంచ్ పక్కనే ఉన్న పాషిన్ అనే పల్లె, చెక్క శిల్పులకు పేరున్న ఊరు.
– ఒక పాఠకురాలు, క్రాకుఫ్