కారుకు కనిపించనివేవో షోరూంలోనే చెప్పాలి

సంపాదకుల వారికి నమస్కారం.

కొత్త కారు కొనేటప్పుడు ‘అడాస్ (డ్రైవర్‌కు సాయం చేసే ఏర్పాట్లు) ఉందా?’ అని అడిగేవాళ్లు మన శ్రీకాకుళంలో కూడా బాగా పెరిగారు. ముందు బండికి మరీ దగ్గరైతే మోగడం, మనం బ్రేక్ వేయకపోతే తానే వేయడం, లేన్ గీత దాటబోతే స్టీరింగ్‌ను సరిచేయడం... ఇవన్నీ దాని కిందకే వస్తాయి. నేను వీటికి వ్యతిరేకిని కాను. అమెరికాలో బీమా కంపెనీల ఖర్చుతో నడిచే రహదారి భద్రతా సంస్థ లెక్కల్లో, తానే బ్రేక్ వేసే కార్లు ముందు బండిని వెనక నుంచి గుద్దడం దాదాపు సగానికి తగ్గింది. నడిచి వెళ్లేవాళ్లను గుద్దడం 27 శాతం తగ్గింది. అయితే దీపాల్లేని చీకటి రోడ్ల మీద ఈ రెండో లాభం కనిపించలేదని 2022లో అదే సంస్థ చెప్పింది.

మనకు కావాల్సింది ఆ చివరి మాటే. ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా 16వ నంబర్ హైవే మీద ఊరు దాటితే చాలాచోట్ల చీకటే. ఆ చీకట్లో వెనక లైటు లేకుండా, రిఫ్లెక్టర్ స్టిక్కర్ మట్టికొట్టుకుపోయి, సగం రోడ్డు మీద లారీ ఆగి ఉంటుంది. వేగంగా వెళ్తున్నప్పుడు ఆగి ఉన్న బండిని గుర్తించకపోవచ్చని చాలా కంపెనీలు మాన్యువల్‌లోనే రాస్తాయి. వంతెనలు, బోర్డులు, రెయిలింగ్‌లు కూడా ముందున్నవాటిని పసిగట్టే కారు రాడార్‌కు కదలని వస్తువులే. వాటన్నిటికీ బ్రేక్ పడకూడదని, కదలనివాటిని చాలావరకు పట్టించుకోకుండా దాన్ని తయారు చేస్తారు. పశువుల విషయంలోనూ గ్యారంటీ లేదు. గీతలే లేని మన ఊరి రోడ్ల మీద లేన్ సాయం పనిచేయనే చేయదు.

ఇవి కొనేవాళ్లకు ఎవరు చెబుతున్నారు? ఈ మధ్య బంధువుల కారు డెలివరీకి వెళ్లాను. కొబ్బరికాయ కొట్టించారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించారు, కేక్ కోయించి ఫొటో తీశారు. సన్‌రూఫ్ తెరిచి మూసి మరీ చూపించారు. అడాస్ సంగతి అడిగితే ‘అంతా అదే చూసుకుంటుంది సార్’ అన్నాడు ఆ కుర్రాడు. నాకు నిజంగా భయం వేసింది. ఇప్పుడు మనం కొంటున్న కార్లలో ఏదీ తనంతట తాను నడవదు. చేయి స్టీరింగ్ మీద, చూపు రోడ్డు మీద ఉండాల్సిందే. ఏదైనా జరిగితే బాధ్యత డ్రైవర్‌దే. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి రాత్రంతా నడుపుకుంటూ సొంతూరు వచ్చే మన పిల్లలు, నిద్ర ముంచుకొస్తున్నా ఆ మాట నమ్మి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి కూర్చుంటే?

బస్సులకు, లారీలకు కూడా ఇలాంటివి తప్పనిసరి చేయాలని కేంద్రం 2025లో ముసాయిదా ఇచ్చింది. కాబట్టి ఇది కార్లున్నవాళ్ల గొడవే అని వదిలేయడానికి లేదు.

జిల్లా రవాణా అధికారులను నేను కోరేది పెద్ద ఖర్చున్న పని కాదు. ఈ కారు దేన్ని గుర్తించదో, ఎప్పుడు పనిచేయదో తెలుగులో ఒక్క పేజీ రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకున్నాకే తాళం ఇవ్వాలని డీలర్లకు చెప్పండి. ముందు అద్దం మారిస్తే దాని వెనక ఉండి రోడ్డును చూసే అడాస్ కెమెరాను మళ్లీ సరిచేయించాలన్న మాట కూడా ఆ పేజీలో ఉండాలి. చీకట్లో రోడ్డు మీద ఆపిన లారీలను తీయించే పని హైవే పెట్రోలింగ్ వాళ్లు రోజూ చేయాలి.

– ఒక పాఠకుడు, నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా