పాత సీతాకోకచిలుకలకు లామినేషన్ వద్దు

సంపాదకులకు నమస్కారం.

మొన్న మీ ఆదివారం అనుబంధంలో ఇంటి అలంకరణ మీద వచ్చిన వ్యాసం చదివాను. పాత ఇంగ్లిషు పుస్తకాల్లోని సీతాకోకచిలుకల బొమ్మలను హాల్లో పెట్టుకోమన్నారు, సంతోషం. కానీ లామినేషన్ చేయిస్తే కలకాలం ఉంటాయన్న మాట చదివి ప్రాణం చివుక్కుమంది. హన్మకొండలో మాది పటాలు కట్టే షాపు, మా నాన్న పెట్టింది.

ఈమధ్యే ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు అలాంటి బొమ్మే తెచ్చారు. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్నారట. ఎవరో చెబితే లామినేషన్ చేయించి, పటం కట్టమని నా చేతికిచ్చారు. రెక్క మీద పెద్ద గాలిబుడగ. దాని చుట్టూ ఉన్న నీలం రంగు ప్లాస్టిక్‌కు అంటుకుపోయింది. ఏం చెప్పాలో తోచలేదు.

అది ఫొటో కాదు, పోస్టరూ కాదు. రాగిరేకు మీద మైనం పూసి, సూదితో గీసి, యాసిడ్‌తో గీతలు తినిపించి, సిరా పట్టించి, తడికాగితం మీద నొక్కేవారు. వచ్చేది నల్లగీతలే. రంగు మాత్రం మనిషి కుంచెతో అద్దాల్సిందే, ప్రతి కాపీకీ విడివిడిగా! నమూనా ఒకటి ఎదురుగా పెట్టుకుని, ఒకరు ఒక రంగు, ఇంకొకరు ఇంకో రంగు వేసుకుంటూ పోయేవారు. లండన్‌లో ఎడ్వర్డ్ డోనోవన్ అనే ఆయన 1800లో మన దేశపు పురుగుల మీదే పుస్తకం మొదలుపెట్టాడు. ఇండియా ముఖం కూడా చూడలేదు, ఓడల్లో వచ్చిన ఎండు పురుగులను చూసి గీశాడు. రెక్కల మెరుపు కోసం గుడ్డు తెల్లసొన పూసేవాడు, లోహపు పొడి కలిపిన రంగులు వేసేవాడు. ఇంతా చేసి 1837లో పేదవాడిగా పోయాడు. తెల్లసొన పూసిన రంగును లామినేషన్ మెషిన్‌లో వేడి రోలర్ల మధ్య పెట్టి నొక్కితే ఏమవుతుందో మీరే చెప్పండి.

అసలుదో కాదో తెలుసుకోవడానికి కంసాలి భూతద్దం చాలు. ఇప్పటి ప్రింటైతే రంగంతా చుక్కలుచుక్కలుగా కనిపిస్తుంది. చేత్తో వేసిందైతే చుక్కలుండవు, రంగు అక్కడక్కడా గీత దాటి పోతుంది. బొమ్మ చుట్టూ రేకు అంచు నొక్కుకున్న గుంట కూడా వేలికి తగులుతుంది, అంచులు కోసేసి ఉంటే తప్ప. ఆన్‌లైన్‌లో 'యాంటిక్' అని కొన్నవాళ్లు ముందు ఈ పని చేయండి.

కాగితం గురించి టెన్షన్ పడనక్కర్లేదు. అప్పట్లో గుడ్డపేలికల గుజ్జుతో చేసేవారు, అందుకే 200 ఏళ్లయినా మెత్తగానే ఉంటుంది. మన స్కూలు నోటుబుక్కులు 40 ఏళ్లకే అప్పడాల్లా విరుగుతున్నాయి. కొన్నిచోట్ల తెల్లరంగు నల్లబడి ఉంటే మురికి అనుకుని తడిగుడ్డతో తుడవకండి. అది సీసపు తెలుపు, గాలిలోని గంధకానికి నల్లబడుతుంది. తుడిస్తే పక్కనున్న రంగులు కూడా పోతాయి.

పటం కట్టించేటప్పుడు మీ షాపువాడితో గట్టిగా చెప్పండి. బొమ్మకు బంక పెట్టొద్దు, సెల్లోటేపు అసలే వద్దు. పాత ఆల్బమ్‌లలో ఫొటోల మూలలకు తొడిగేవాళ్లం చూడండి, ఆ కాగితపు మూలలు పెడితే సరిపోతుంది. అద్దానికీ బొమ్మకూ మధ్య మౌంట్, అంటే నడుమ కిటికీలా కోసిన మందపాటి అట్ట, ఉండాలి. లేకపోతే మన వానాకాలం చెమ్మకు కాగితం అద్దానికి అతుక్కుంటుంది. పడమటి ఎండ తగిలే గోడ మీద అసలు పెట్టకండి. ఇవన్నీ చెబితే మా వాళ్లలో కొందరు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి, బొమ్మ మీది.

వచ్చే ఆదివారం దయచేసి ఒక సవరణ వేయండి. ఇప్పటికే లామినేషన్ చేయించినవాళ్లు ఆ ప్లాస్టిక్‌ను గోళ్లతో పీకొద్దని కూడా అందులో రాయండి. పీకితే రంగు దానితోపాటే వచ్చేస్తుంది.

- ఒక పటాల షాపు యజమాని, హన్మకొండ